ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో ‘/’ ఏ చెట్టు మొదలు? కాంటెక్స్ట్ మారినప్పుడు రూట్ పాత్‌కు ఏమవుతుంది?

బెంగళూరు నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. ఆయన ఒక పత్రిక సంచికకు సంబంధించిన ఎక్స్‌ఎంఎల్ (పాఠాన్ని ట్యాగుల మధ్య పెట్టే పద్ధతి) ఫైలు నుంచి, అలాంటి ఫైళ్లను వేరే రూపంలోకి మార్చే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ భాషతో విషయసూచిక తయారు చేస్తున్నారు. ఫర్-ఈచ్ (ఒక్కొక్కదాన్నీ తీసుకుని తిరిగే ఆదేశం) లోపల ‘/’ తో మొదలయ్యే పూర్తి పాత్ (ఫైలులో ఒక చోటికి దారి) రాస్తే ప్రతి వరుసలోనూ మొదటి వ్యాసం శీర్షికే వస్తోంది. అదే స్టైల్‌షీట్‌లో (ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఆదేశాలు రాసే ఫైలులో) రచయితల వివరాల కోసం రెండో ఫైలు తెరిచాక, ‘/’ తో మొదలయ్యే పాత్ ఖాళీగా వస్తోంది. “రూట్ పాత్‌కు కాంటెక్స్ట్‌తో పని లేదని చదివాను. అలాంటప్పుడు ఒకచోట కాంటెక్స్ట్‌ను లెక్కచేయకపోవడం, మరోచోట కాంటెక్స్ట్‌ను బట్టి మారిపోవడం ఎలా సాధ్యం?” అన్నది ఆయన సందేహం.

సూటిగా చెబుతాను. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రతి పత్రాన్నీ ఒక చెట్టుగా చూస్తుంది; అందులోని ప్రతి ముక్క ఒక నోడ్, ఆ క్షణాన పని జరుగుతున్న నోడ్ కాంటెక్స్ట్. ‘/’ అంటే ప్రధాన ఫైలు మొదలు అని అర్థం కాదు. మీరు ఇప్పుడు నిలబడి ఉన్న నోడ్ ఏ చెట్టులో ఉందో, ఆ చెట్టు మొదలు అని అర్థం. చెట్టులో ఎంత లోతున, ఏ కొమ్మ మీద ఉన్నారన్నది దానికి పట్టదు. ఏ చెట్టులో ఉన్నారన్నది మాత్రం తప్పకుండా పడుతుంది. మీ మొదటి ఇబ్బందికి ఈ రెండు మాటల్లో మొదటిది కారణం, రెండో ఇబ్బందికి రెండోది కారణం. మీరు చదివిన మాట సగమే నిజం.

నేను చెన్నైలో శాస్త్ర పత్రికల టైప్‌సెట్టింగ్ రంగంలో చాలా ఏళ్లుగా ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ రాస్తున్నాను, నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చే కొత్తవారికి నేర్పుతున్నాను కూడా. ఈ విషయం దగ్గరకు వచ్చినప్పుడు వారిని ఒకే ప్రశ్న అడుగుతాను: మీ వంశానికి మూలపురుషుడు ఎవరు? ఆ ఇంట్లో తాతను అడిగినా, మనవరాలిని అడిగినా, అప్పుడే పుట్టిన బిడ్డ తరఫున అడిగినా ఒకే పేరు వస్తుంది. పక్కింటివారిని అడిగితే వేరే పేరు వస్తుంది. వీధిలో రాయిని అడిగితే జవాబే రాదు. ఈ మూడు సందర్భాలూ ‘/’ విషయంలో ఉన్నవున్నట్టుగా ఎదురవుతాయి. ఒకే పత్రంలో ఏ నోడ్ నుంచి అడిగినా ఒకే రూట్, మరో పత్రంలోని నోడ్ నుంచి అడిగితే మరో రూట్, నోడే కాని అక్షరాల వరుస (స్ట్రింగ్) నుంచో అంకె నుంచో అడిగితే ఎర్రర్.

ఉదాహరణ పెట్టుకుని చూద్దాం. ఎక్స్‌ఎంఎల్ పేర్లలో తెలుగు అక్షరాలు వాడడానికి ప్రమాణమే అనుమతిస్తుంది కనుక ఎలిమెంట్ల (ట్యాగులతో చుట్టిన ముక్కల) పేర్లు తెలుగులోనే పెట్టాను. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఆదేశాలను మాత్రం ఇక్కడ చదవడానికి వీలుగా ఉచ్చారణ ప్రకారం రాశాను. మీ ఫైలులో అవి వాటి అసలు రూపంలోనే ఉండాలి.

```
<పత్రిక>
  <సంపుటి>12</సంపుటి>
  <వ్యాసం గుర్తు="వ1" రచయిత="ర7">
    <శీర్షిక>చెరువు నీటిలో ఫ్లోరైడ్</శీర్షిక>
  </వ్యాసం>
  <వ్యాసం గుర్తు="వ2" రచయిత="ర3">
    <శీర్షిక>వేరుశనగలో తిక్క తెగులు</శీర్షిక>
  </వ్యాసం>
</పత్రిక>
```

మీరు రాసినది ఇంచుమించు ఇలా ఉంది:

```
<ఎక్స్‌ఎస్‌ఎల్:ఫర్-ఈచ్ సెలెక్ట్="/పత్రిక/వ్యాసం">
  <ఎక్స్‌ఎస్‌ఎల్:వాల్యూ-ఆఫ్ సెలెక్ట్="/పత్రిక/వ్యాసం/శీర్షిక"/>
</ఎక్స్‌ఎస్‌ఎల్:ఫర్-ఈచ్>
```

ఫర్-ఈచ్ రెండోసారి తిరిగేటప్పుడు కాంటెక్స్ట్ ‘వ2’ వ్యాసమే, అందులో సందేహం లేదు. కానీ లోపలి పాత్ ‘/’ తో మొదలైంది కనుక, ఆ వ్యాసం దగ్గర నుంచి చెట్టు మొదలుకు వెళ్లిపోయి, అక్కడి నుంచి మళ్లీ కిందికి దిగి, పత్రికలోని వ్యాసాలన్నిటి శీర్షికలనూ ఏరుకొచ్చింది. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0లో వాల్యూ-ఆఫ్ అలా వచ్చిన వాటిలో మొదటిదాన్ని మాత్రమే అచ్చువేస్తుంది కాబట్టి ప్రతి వరుసలోనూ ఫ్లోరైడ్ వ్యాసమే కనిపించింది. స్టైల్‌షీట్ మొదట్లో వెర్షన్ 2.0 అనో 3.0 అనో రాసి ఉంటే ఇదే తప్పు ఇంకో రూపంలో కనబడేది: ప్రతి వరుసలోనూ శీర్షికలన్నీ మధ్యలో ఒక్కో ఖాళీతో గొలుసుగా వచ్చేవి. పాత స్టైల్‌షీట్‌ను కొత్త ప్రాసెసర్‌కు (స్టైల్‌షీట్‌ను నడిపే ప్రోగ్రాంకు) మార్చి, వెర్షన్ అంకె కూడా మార్చిన రోజున చాలామంది “కొత్త ప్రాసెసర్ పాడు చేసింది” అనుకుంటారు. అది పాడు చేయలేదు, అప్పటిదాకా దాగి ఉన్న తప్పును బయటపెట్టింది. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0, అందులో పాత్‌లు రాసే భాష అయిన ఎక్స్‌పాత్ 1.0 రెండూ 1999 నవంబర్ 16న ప్రమాణాలయ్యాయి, 2.0 వచ్చింది 2007 జనవరి 23న, 3.0 వచ్చింది 2017 జూన్ 8న. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ వంటి పరికరాలు నేటికీ 1.0 మీదే నడుస్తాయి, శాక్సన్ అనే ప్రాసెసర్ 3.0 దాకా తెలిసినది. కనుక ఒకరి యంత్రం మీద కనబడే లక్షణం ఇంకొకరికి కనబడకపోవచ్చు. అడిగేటప్పుడు వెర్షన్ చెప్పడం చాలా మేలు.

మందు చిన్నదే. లోపల ‘శీర్షిక’ అని మాత్రం రాయండి. అంటే నేను నిలబడిన వ్యాసానికి పిల్లగా ఉన్న శీర్షిక.

రెండు శ్లాష్‌లదీ ఇదే కథ, ఇంకొంచెం ప్రమాదకరంగా. ‘//శీర్షిక’ అంటే “ఇక్కడి నుంచి ఎంత లోతున ఉన్నా సరే” అని చాలామంది అనుకుంటారు. దాని అర్థం “చెట్టు మొదలు నుంచి ఎంత లోతున ఉన్నా సరే” అని. ఇక్కడి నుంచి కావాలంటే ముందు ఒక చుక్క ఉండాలి: ‘.//శీర్షిక’. ఆ ఒక్క చుక్క లేకపోవడం వల్ల ఫలితం తప్పడమే కాకుండా, 2,000 ఉపవిభాగాలున్న ఫైలులో ప్రతి ఉపవిభాగానికీ మొత్తం పత్రాన్ని ఒకసారి గాలించవలసి రావచ్చు. నిన్నటిదాకా నిమిషంలో ముగిసిన పని ఇవాళ పెద్ద ఫైలు మీద గంట పడుతోందని ఎవరైనా వస్తే, నేను మొదట వెతికేది చుక్క లేని రెండు శ్లాష్‌లనే.

ఇప్పుడు మీ రెండో ఇబ్బంది. రచయితల వివరాలు వేరే ఫైలులో ఉన్నాయి, మీరు దాన్ని ఇలా తెరిచారు:

```
<ఎక్స్‌ఎస్‌ఎల్:ఫర్-ఈచ్ సెలెక్ట్="డాక్యుమెంట్('రచయితలు.ఎక్స్‌ఎంఎల్')/రచయితలు/రచయిత">
  <ఎక్స్‌ఎస్‌ఎల్:వాల్యూ-ఆఫ్ సెలెక్ట్="/పత్రిక/సంపుటి"/>
</ఎక్స్‌ఎస్‌ఎల్:ఫర్-ఈచ్>
```

ఈ ఫర్-ఈచ్ లోపలికి అడుగుపెట్టగానే మీరు రెండో చెట్టులోకి మారారు. అక్కడ ‘/’ అంటే రచయితల ఫైలు మొదలు. దాని కింద ‘పత్రిక’ అనే ఎలిమెంట్ లేదు. లేనిదాన్ని అడిగితే ఎక్స్‌పాత్ ఎర్రర్ ఇవ్వదు, ఖాళీ చేతులతో తిరిగి వస్తుంది. ఈ నిశ్శబ్దమే మనల్ని ఎక్కువగా తిప్పలు పెడుతుంది. మామూలుగా వాడే పరిష్కారం, స్టైల్‌షీట్ పైభాగంలో, టెంప్లేట్లన్నిటికీ (ఏ నోడ్‌కు ఏం చేయాలో చెప్పే ఆదేశాల గుంపులకు) బయట, ప్రధాన పత్రం మొదలును ఒక వేరియబుల్‌లో దాచుకోవడం:

```
<ఎక్స్‌ఎస్‌ఎల్:వేరియబుల్ నేమ్="ప్రధానం" సెలెక్ట్="/"/>
```

బయట రాసిన వేరియబుల్ విలువ ప్రధాన పత్రాన్ని కాంటెక్స్ట్‌గా తీసుకుని లెక్కకట్టబడుతుంది కనుక, ఆ తరువాత మీరు ఏ చెట్టులో తిరుగుతున్నా ‘$ప్రధానం/పత్రిక/సంపుటి’ అంటే మీ పత్రిక సంపుటే. ఒక జాగ్రత్త: 2.0 నుంచి ఇన్‌పుట్ ఫైలు ఇవ్వకుండా ఒక టెంప్లేట్ పేరు చెప్పి పరుగు మొదలుపెట్టే పద్ధతి ఉంది. అప్పుడు బయట కూడా కాంటెక్స్ట్ ఉండదు, ఈ వేరియబుల్‌ను వాడిన చోట ఎర్రర్ వస్తుంది.

ఫర్-ఈచ్ అయితే కనీసం కంటికి కనబడుతుంది. కాంటెక్స్ట్ కంటికి కనబడకుండా మారే చోటు చదరపు బ్రాకెట్. నా దగ్గరకు వచ్చే ఫిర్యాదుల్లో సగం దాకా ఇక్కడే తేలతాయి.

```
డాక్యుమెంట్('రచయితలు.ఎక్స్‌ఎంఎల్')/రచయితలు/రచయిత[@గుర్తు = /పత్రిక/వ్యాసం[1]/@రచయిత]
```

రాసినవారు ప్రధాన పత్రంలోని వ్యాసం దగ్గరే నిలబడ్డారు, ఫర్-ఈచ్ ఏదీ లేదు, అయినా ఏమీ రాదు. ఎందుకంటే బ్రాకెట్ లోపల ఉన్న ప్రతి పాత్‌కూ కాంటెక్స్ట్, అప్పుడు పరీక్షకు నిలబడిన నోడ్. ఇక్కడ అది రచయితల ఫైలులోని ‘రచయిత’. కాబట్టి బ్రాకెట్ లోపలి ‘/’ కూడా రచయితల ఫైలు మొదలే. ఇలాంటి చోట్ల ‘కరెంట్()’ పనికొస్తుంది: ‘[@గుర్తు = కరెంట్()/@రచయిత]’ అని రాస్తే, బ్రాకెట్‌లోకి రాకముందు టెంప్లేట్ గానీ ఫర్-ఈచ్ గానీ ఏ నోడ్ మీద నిలబడి ఉందో ఆ నోడ్ అందుతుంది. నా అలవాటు మాత్రం వేరు. ముందు వరుసలో ‘$రచయిత-గుర్తు’ అనే వేరియబుల్‌లో విలువ తీసుకుని బ్రాకెట్‌లో ఆ వేరియబుల్‌నే వాడతాను. ఆరు నెలల తరువాత చదివేవారికి ఆలోచించే పని తప్పుతుంది.

కీ (ఒక విలువను బట్టి నోడ్‌ను వెతికిపెట్టే సూచిక) వాడేవారికీ ఇదే వర్తిస్తుంది, పైకి శ్లాష్ కనబడకపోయినా. 1.0లో ‘కీ()’ వెతికేది కాంటెక్స్ట్ నోడ్ ఉన్న పత్రంలో మాత్రమే. వ్యాసం దగ్గర నిలబడి రచయితల ఫైలులోని కీని అడిగితే ఖాళీ వస్తుంది. 1.0లో దానికి ముందుగా గుర్తును వేరియబుల్‌లో దాచుకుని, ఒక ఫర్-ఈచ్‌తో రచయితల ఫైలులోకి మారి, అక్కడ కీని అడగాలి. 2.0 నుంచి కీకి మూడో ఆర్గ్యుమెంట్‌గా ఏ పత్రంలో వెతకాలో నేరుగా చెప్పవచ్చు.

పేరు పెట్టిన టెంప్లేట్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అప్లై-టెంప్లేట్స్, ఫర్-ఈచ్ కాంటెక్స్ట్‌ను మారుస్తాయి, కాల్-టెంప్లేట్ మార్చదు. పిలిచినవారి కాంటెక్స్ట్‌నే అది వారసత్వంగా తీసుకుంటుంది. కాబట్టి పేరు పెట్టిన టెంప్లేట్ లోపల రాసిన ‘/పత్రిక/సంపుటి’ ఒకచోటి నుంచి పిలిస్తే పనిచేస్తుంది, ఇంకోచోటి నుంచి పిలిస్తే ఖాళీ ఇస్తుంది, టెంప్లేట్‌లో ఒక్క అక్షరం మారకుండానే. అలాంటి టెంప్లేట్లను ఉమ్మడి ఫైలులో పెట్టి పదిమంది వాడుకునేటట్టయితే, కావలసిన విలువను పరామితిగా (పారామీటర్‌గా) పంపడమే సరైన పద్ధతి.

2.0లో వచ్చిన ఎక్స్‌ఎస్‌ఎల్:ఫంక్షన్ ఈ విషయంలో కఠినంగా ఉంటుంది, అది మంచికే. ఫంక్షన్ లోపల కాంటెక్స్ట్ అనేదే ఉండదు. అక్కడ ‘/’ రాస్తే ఎక్స్‌పీడీవై 0002 అనే ఎర్రర్‌తో ఆగిపోతుంది. నోడ్‌ను పరామితిగా తీసుకుని ‘రూట్($నోడ్)/పత్రిక/సంపుటి’ అని రాయాలి. కాల్-టెంప్లేట్‌లా తప్పుడు జవాబు నిశ్శబ్దంగా ఇవ్వడం కంటే ఇలా ఆగిపోవడం ఎంతో నయం. పాత టెంప్లేట్లను ఫంక్షన్లుగా మార్చేటప్పుడు ఈ ఎర్రర్ వస్తే విసుక్కోకండి. ఆ టెంప్లేట్ ఎన్నాళ్ల నుంచో బయటి కాంటెక్స్ట్ మీద ఆధారపడి బతుకుతోందని అది మీకు చెబుతోంది.

ఇప్పుడు రాయిని అడిగే సందర్భం. వ్యాసం పాఠంలో “పటం 3” అన్న మాట ఎక్కడ వస్తే అక్కడ లింకు పెట్టాలని ఒకసారి అనలైజ్-స్ట్రింగ్ (పాఠంలో ఒక నమూనాకు సరిపోలే ముక్కలను పట్టుకునే ఆదేశం) వాడాను. సరిపోలిన ముక్క లోపల నిలబడి, ఆ పటం నిజంగా పత్రంలో ఉందో లేదో చూడడానికి ‘/’ తో పాత్ రాశాను. వెంటనే ఎక్స్‌పీటీవై 0020 అని వచ్చింది. కారణం ఏమిటంటే, సరిపోలిన ముక్క లోపల కాంటెక్స్ట్ నోడ్ కాదు, “పటం 3” అనే అక్షరాల వరుస. అక్షరాల వరుసకు వంశం లేదు, చెట్టు లేదు, మొదలు లేదు. ‘1 టు 5’ మీద ఫర్-ఈచ్ నడిపినా, టోకెనైజ్ చేసిన ముక్కల మీద నడిపినా ఇదే జరుగుతుంది. పటాలన్నిటినీ ముందే ‘$పటాలు’ అనే వేరియబుల్‌లో పట్టుకుని, లోపల దాన్ని వాడాను.

తాత్కాలిక చెట్ల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. వ్యాసాలను ముందు క్రమంలో పేర్చుకుని తరువాత వాటి మీద పని చేయడం మనందరం చేసేదే. పేర్చిన వ్యాసాలను కాపీ-ఆఫ్‌తో వేరియబుల్ లోపల పెడితే అక్కడ ఒక కొత్త చెట్టు పుడుతుంది. అందులోని వ్యాసం అసలు వ్యాసానికి నకలు మాత్రమే. దానికి పైన ‘పత్రిక’ లేదు. ‘/పత్రిక/సంపుటి’ ఖాళీ, ‘../సంపుటి’ కూడా ఖాళీ. 1.0లో అయితే ఆ వేరియబుల్‌లోకి పాత్‌తో దిగడానికి నోడ్-సెట్() ఎక్స్‌టెన్షన్ కావాలి, దిగాక పరిస్థితి ఇదే. 2.0లో వేరియబుల్‌కు ‘యాజ్="ఎలిమెంట్()*"’ అని చేర్చి లోపల కాపీ-ఆఫ్ ఉంచితే పరిస్థితి ఇంకో మలుపు తిరుగుతుంది: ఈసారి ఆ నకళ్లకు పైన డాక్యుమెంట్ నోడ్ కూడా ఉండదు, తల్లీ తండ్రీ లేని ఎలిమెంట్లవి. వాటి దగ్గర నిలబడి ‘/’ అంటే ఎక్స్‌పీడీవై 0050 వస్తుంది, ఎందుకంటే 2.0 నుంచి ‘/’ తన పైన డాక్యుమెంట్ నోడే ఉండాలని పట్టుబడుతుంది. అదే ‘యాజ్’ ఉంచి, కాపీ-ఆఫ్ బదులు ఎక్స్‌ఎస్‌ఎల్:సీక్వెన్స్ వాడితే నకళ్లు పుట్టవు. అసలు వ్యాసాలే కొత్త వరుసలో అందుతాయి, వాటి వంశం చెక్కుచెదరదు, ‘/’ మునుపటిలాగే ప్రధాన పత్రానికి వెళుతుంది. కాపీ-ఆఫ్, సీక్వెన్స్ రెండూ ఒకటే అనుకునేవారికి ఈ ఒక్క తేడా చూపిస్తే చాలు.

మ్యాచ్‌లో వచ్చే శ్లాష్ సంగతి వేరు. ‘మ్యాచ్="/పత్రిక/వ్యాసం"’ అన్నది ఎక్కడి నుంచో బయలుదేరే ప్రయాణం కాదు, చేతిలో ఉన్న నోడ్‌కు పెట్టే పరీక్ష. దాన్ని కుడి నుంచి ఎడమకు చదవండి: ఇది వ్యాసమేనా, దీని తల్లి పత్రికేనా, ఆ తల్లికి పైన డాక్యుమెంట్ నోడ్ ఉందా? మీరు ఏ కాంటెక్స్ట్ నుంచి అప్లై-టెంప్లేట్స్ పిలిచారన్నది ఈ పరీక్షకు అక్కరలేదు. అది ప్రధాన పత్రమే కావాలన్న షరతు కూడా లేదు. రెండో ఫైలు ఆకారం అలాగే ఉంటే దానికీ ఈ టెంప్లేటే తగులుతుంది. ‘మ్యాచ్="//శీర్షిక"’ అని రాసేవారిని చూస్తుంటాను. ఆ రెండు శ్లాష్‌ల వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు, కానీ టెంప్లేట్ సహజ ప్రాధాన్యం 0 నుంచి 0.5కు పెరిగిపోయి, వేరే టెంప్లేట్లతో పోటీలో అనుకోని ఫలితాలు వస్తాయి. ‘మ్యాచ్="శీర్షిక"’ చాలు.

ఇక మీరు రేపు ఎదుర్కోబోయే విషయం ఒకటి ఉంది. అన్నీ ఒకే పత్రంలో ఉన్నా, ‘/’ తో పూర్తి దారి రాయడం టెంప్లేట్‌ను ఒకే ఆకారానికి కట్టిపడేస్తుంది. శాస్త్ర పత్రికల్లో ఎక్కువగా వాడే జాట్స్ అనే ట్యాగుల వ్యవస్థ 2012లో నిసో (అమెరికా సమాచార ప్రమాణాల సంస్థ) వారి జడ్39.96 ప్రమాణం అయింది. అందులో ‘ఆర్టికల్’ లోపల ‘సబ్-ఆర్టికల్’ ఉండవచ్చు: వ్యాసానికి అనువాదమో, సమీక్షకుల నివేదికో, రచయితల జవాబో. ఒకచోట నేను పనిచేసినప్పుడు, పేజీ పైన నడిచే శీర్షిక కోసం ‘/ఆర్టికల్/ఫ్రంట్/ఆర్టికల్-మెటా/టైటిల్-గ్రూప్/ఆర్టికల్-టైటిల్’ అని రాసిన టెంప్లేట్ ఏళ్ల తరబడి ఏ లోపమూ లేకుండా నడిచింది. సబ్-ఆర్టికల్ ఉన్న మొదటి వ్యాసం వచ్చిన రోజున ప్రూఫ్ తీసి చూస్తే, సమీక్షకుల నివేదిక పేజీల పైన కూడా ప్రధాన వ్యాసం శీర్షికే నడుస్తోంది. ప్రూఫ్ చదివేవారు కింద పాఠం చూసి, పైన శీర్షిక చూసి, పేజీలు తారుమారు అయ్యాయేమోనని వరుస సంఖ్యలు సరిచూశారు. అవి సరిగ్గానే ఉన్నాయి. అందువల్ల కారణం దొరకడానికి పూట పట్టింది. నేను మార్చి రాసినది ఇది:

```
(ఆన్సెస్టర్-ఆర్-సెల్ఫ్::ఆర్టికల్ | ఆన్సెస్టర్-ఆర్-సెల్ఫ్::సబ్-ఆర్టికల్)[లాస్ట్()]
```

అంటే, నేను ఉన్న చోటు నుంచి పైకి చూసినప్పుడు నన్ను అన్నిటికంటే దగ్గరగా చుట్టి ఉన్న వ్యాసం, అది ప్రధానమైనదైనా ఉపవ్యాసమైనా. కుండలీకరణాల వల్ల నోడ్‌లు పత్రంలో ఉన్న క్రమంలో ఉంటాయి కనుక చివరిదే దగ్గరిది. అక్కడి నుంచి కిందికి దిగి, దాని ఫ్రంట్‌లోనో ఫ్రంట్-స్టబ్‌లోనో ఉన్న శీర్షిక తీసుకోవాలి. అదే ఏడాది ఇంకో పత్రికవారు విడి వ్యాసాల బదులు సంచిక మొత్తాన్ని ఒకే ఎలిమెంట్ లోపల చుట్టి పంపడం మొదలుపెట్టారు. ‘/ఆర్టికల్’ తో మొదలైన పాత్‌లన్నీ ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి, ఆన్సెస్టర్‌తో రాసినవి మాత్రం అలాగే నిలబడ్డాయి.

అందువల్ల నా నియమం ఇది. పత్రం అంతటికీ ఒక్కటే ఉండే విషయానికి, అంటే మీ ఉదాహరణలో సంపుటి సంఖ్య వంటి వాటికి, పూర్తి దారి వాడవచ్చు, అదీ ఒక్కచోట, వేరియబుల్‌లో. మిగతావన్నీ నిలబడిన చోటు నుంచి లెక్కించే దారులు కావాలి. అయితే ‘$ప్రధానం’ వేరియబుల్‌ను కూడా గుడ్డిగా వాడకూడదు. కలెక్షన్()తో ఒకే పరుగులో 300 వ్యాసాల ఫైళ్లు తెరిచి ఒక్కొక్కదాని మీద పని చేస్తున్నప్పుడు, ప్రతి ఫైలూ దాని మటుకు అదే ప్రధానం. అక్కడ మీకు కావలసింది ఇప్పుడు చేతిలో ఉన్న ఫైలు మొదలు, అంటే సాదా ‘/’. అలాంటి చోట ‘$ప్రధానం’ రాస్తే 300 వ్యాసాలకూ ఒకే సమాచారం అంటుకుంటుంది. ఏది రాయాలన్నది “నాకు కావలసిన పత్రం ఏది” అన్న ప్రశ్నకు మీరు ఇచ్చుకునే జవాబును బట్టి ఉంటుంది.

అనుమానం వచ్చినప్పుడు ఊహించకండి, అడిగి తెలుసుకోండి. పాత్ ఖాళీగా వస్తున్న చోటే ఒక ఎక్స్‌ఎస్‌ఎల్:మెసేజ్ పెట్టి ‘నేమ్(/*)’ అచ్చువేయండి. ‘పత్రిక’ అని వస్తే మీరు ప్రధాన చెట్టులో ఉన్నారు, ‘రచయితలు’ అని వస్తే రెండోదానిలో ఉన్నారు, ఇంకేదైనా వస్తే ఏదో తాత్కాలిక వేరియబుల్‌లో చిక్కుకున్నారు. రెండు ఫైళ్ల పై ఎలిమెంట్ పేరు ఒకటే అయితే 1.0లో ‘జనరేట్-ఐడీ(/) = జనరేట్-ఐడీ($ప్రధానం)’ అని పోల్చండి; 2.0 నుంచి ‘(/) ఈజ్ $ప్రధానం’ అనవచ్చు. అక్కడ శ్లాష్ చుట్టూ కుండలీకరణాలు తప్పనిసరి, లేకపోతే తరువాతి పదాన్ని కూడా పాత్‌లో భాగంగా చదివేసి వ్యాకరణ దోషం అంటుంది.

‘నేమ్(/*)’ సరిగ్గా ‘పత్రిక’ అనే వచ్చి, అయినా ‘/పత్రిక/సంపుటి’ ఖాళీగా ఉంటే, అది కాంటెక్స్ట్ సమస్య కాదు. ఫైలు పై ఎలిమెంట్‌లో డీఫాల్ట్ నేమ్‌స్పేస్ (ఆ పేర్లు ఏ సముదాయానికి చెందినవో చెప్పే గుర్తు) ప్రకటన ఉందేమో చూడండి. ఉంటే కంటికి పేరు ఒకటే అయినా, ప్రిఫిక్స్ లేకుండా మీరు రాసిన ‘పత్రిక’, ఫైలులోని ‘పత్రిక’ వేర్వేరు పేర్లు. 1.0లో ఆ నేమ్‌స్పేస్‌కు ఒక ప్రిఫిక్స్ కట్టి పాత్‌లో ప్రతి పేరుకూ చేర్చాలి, 2.0 నుంచి ఎక్స్‌పాత్-డీఫాల్ట్-నేమ్‌స్పేస్ ఒక్కసారి పెడితే చాలు. మీరు పంపిన ముక్కలో ప్రధాన ఫైలు మొదటి వరుస ఉంది, అందులో నేమ్‌స్పేస్ లేదు. రచయితల ఫైలు మొదటి వరుస మాత్రం లేదు. పైన చెప్పిన మార్పులు చేశాక కూడా రచయితల పేర్లు రాకపోతే, ఆ ఒక్క వరుసనూ, మీ ప్రాసెసర్ పేరునూ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.